మా 72 సి10 వెనక సస్పెన్షన్ మార్చుకున్నాం

డాలస్ దగ్గర మా గరాజ్‌లో ఉన్న బండి 1972 షెవర్లే సి10 పికప్, షార్ట్ బెడ్, అంటే వెనక సామాను వేసే తొట్టి పొట్టిది. ఆ కాలం పికప్‌లలో దీని మీదే నాకు మక్కువ ఎక్కువ. అప్పట్లో చాలా పికప్‌లకి వెనక మన విజయవాడ ఆటోనగర్ లారీల్లాగే కమాన్ కట్టలు ఉండేవి. షెవర్లే మాత్రం 1960లోనే కాయిల్ స్ప్రింగులు తెచ్చింది. ఛాసిస్ మధ్య నుంచి వెనక యాక్సిల్ దాకా రెండు పొడవాటి ట్రెయిలింగ్ ఆర్మ్‌లు ఉంటాయి, స్ప్రింగులు వాటి మీద కూర్చుంటాయి. అమెరికాలోని నాస్కార్ రేసు కార్లు దశాబ్దాల పాటు నడిచింది ఈ పద్ధతి మీదే. 1973 మోడల్‌తో షెవర్లే మళ్లీ కమాన్లకి వెళ్లిపోయింది. అంత మంచి అమరికని ఎందుకు వదిలేశారా అని నాకు ఇప్పటికీ బాధే.

ఖాళీ బండి వెనక భాగం బాగా పైకి లేచి ఉండేది. చూడ్డానికి బాగుండాలని, మలుపుల్లో ఊగకుండా ఉండాలని నాలుగు అంగుళాలు దించాలనుకున్నాను.

స్ప్రింగులు మార్చడం ఇందులో అన్నిటికంటే తేలిక. ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలబెట్టి, యాక్సిల్ కింద జాకీ పెట్టి, షాకప్‌ల కింది బోల్టులు, యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్ ఒక కొస విప్పి, జాకీని నెమ్మదిగా దించితే స్ప్రింగు వదులైపోతుంది. నొక్కిపట్టే పరికరం అక్కర్లేదు. కింద స్ప్రింగుని పట్టి ఉంచే బోల్టు తుప్పు పట్టి ఉంటుంది కాబట్టి ముందు రోజు రాత్రే నూనె కొట్టి వదిలేశాను. ఒక్క విషయంలో మాత్రం కళ్లు తిప్పకూడదు. ఛాసిస్ నుంచి యాక్సిల్‌కి వెళ్లే బ్రేక్ రబ్బరు గొట్టం ఒక్కటే ఉంటుంది. యాక్సిల్ బరువు దాని మీద పడితే తెగుతుంది.

అసలు పని ఆ తర్వాతే. బండి దిగితే యాక్సిల్ ట్యూబ్‌కీ పైన ఛాసిస్‌కీ మధ్య చోటు తగ్గిపోతుంది, గుంత వచ్చినప్పుడల్లా ఇనుము ఇనుముకి కొట్టుకుంటుంది. అందుకే యాక్సిల్‌కి సరిగ్గా పైన ఛాసిస్‌ని అర్ధచంద్రాకారంలో కోసి, ఆ చోట మందపాటి ఉక్కు ముక్క బిగిస్తారు. దీన్ని సీ-నాచ్ అంటారు. ఛాసిస్ కోయాలంటే నాకు చాలా టెన్షన్ పట్టింది. ఈ బండికి పెట్రోల్ ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉంటుంది. గ్రైండర్ నిప్పురవ్వలు ఎగిరే పని కదా, ట్యాంకు ఖాళీ చేసి, విప్పి బయట దూరంగా పెట్టాకే మొదలుపెట్టాను. ఆదివారం భోజనానికి వచ్చిన మిత్రులు బెడ్‌ని నాలుగు మూలలా పట్టి ఎత్తి పక్కన పెట్టారు. ఒక వైపు కోసి, ముక్క బిగించి, బోల్టులు గట్టిగా పడ్డాయని చూసుకున్నాకే రెండో వైపు కోశాను. రెండు పక్కలా ఒకేసారి కోసి వదిలేస్తే ఛాసిస్‌కి బలం ఉండదు.

తర్వాత పాన్‌హార్డ్ రాడ్. బండి కిందికి దిగితే రాడ్ వాలు మారుతుంది, యాక్సిల్ మొత్తాన్ని ఒక పక్కకి లాగుతుంది. ఒక వైపు టైరు బెడ్ అంచుకి దగ్గరగా, రెండో వైపు దూరంగా కనిపించింది. పొడవు సర్దుకునే రాడ్ వేసి, రెండు వైపులా కొలిచి మధ్యకి తెచ్చాను. షాకప్‌లు కూడా పొట్టివి వేయాలి. పాతవి అలాగే ఉంచితే చిన్న గుంతకే పూర్తిగా మూసుకుపోతాయి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టింది పినియన్ కోణం మీద. గేర్‌బాక్స్ నుంచి వచ్చే తిరిగే షాఫ్ట్ వెనక యాక్సిల్‌కి కలిసే చోట ఉండే గేరే పినియన్. ఆర్మ్‌లు యాక్సిల్‌కి యూ-బోల్టులతో గట్టిగా బిగించి ఉంటాయి. అందుకని ఛాసిస్ దిగితే ఆర్మ్ ముందు కొస దిగి, పినియన్ ముక్కు కూడా కిందికి వాలుతుంది. గేర్‌బాక్స్ వెనక్కి ఎంత వాలి ఉందో పినియన్ అంతే పైకి చూడాలి. అప్పుడే షాఫ్ట్ రెండు కొసల్లో ఉండే యూ-జాయింట్ల (వంగే కీళ్ల) కోణాలు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి, లేకపోతే వేగం పెరిగేకొద్దీ కింద వణుకు మొదలవుతుంది. కోణం కొలిచే మీటర్ పెట్టి చూసి, ఆర్మ్‌కీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు పలకలు వేసి, యూ-బోల్టులు కొత్తవి బిగించాను.

ట్రెయిలింగ్ ఆర్మ్ ముందు కొసలో ఉండే రబ్బరు బుష్ బోల్టులు ఆఖర్న, చక్రాల మీద బండి పూర్తి బరువు పడ్డాకే బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి తొందరగా చిరిగిపోతుంది. చాలా షాపుల్లో ఇది పట్టించుకోరు, నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఇప్పుడు వంతెన కీళ్ల మీద వెళ్తుంటే వెనక భాగం ఎగరడం లేదు, మలుపులో నిటారుగా నిలబడుతోంది. బండిలో మునుపటంత బరువు మాత్రం వేయలేను. తోటకి మట్టి బస్తాలు తెచ్చే పని మా వ్యాన్‌కి అప్పగించాం. వెనక దించడంతో హెడ్‌లైట్లు పైకి చూస్తుంటే వాటిని సరిచేశాను. ముందు వైపు కూడా దించాక మళ్లీ సరిచేయాల్సి ఉంటుంది. ఆ స్ప్రింగులు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి.