మా గేటు ముందరి వసంతం

కోకిల కూసిందంటే వసంతం వచ్చినట్లని చిన్నప్పుడు చదువుకున్నాను గాని, చేతికి చీపురు కూడా వచ్చినట్లేనని పదవీ విరమణ తరువాతే తెలిసింది. మాఘ ఫాల్గుణాలు శిశిరమనీ, ఆకులు అప్పుడే రాలాలనీ, చైత్రంలో చిగుళ్ళు తొడగాలనీ పంచాంగం పద్ధతిగా విభజించి పెట్టింది. హైదరాబాదు వనస్థలిపురంలోని మా ఇంటి ముందరి కానుగకు ఆ విభజన సమ్మతం కాదు. మార్చి నెల పొడుగునా అది ఒక కొమ్మన పండుటాకులు రాలుస్తూనే పక్క కొమ్మన నిగనిగలాడే లేతాకులు వేస్తుంది. దానికి వేప తోడు.

ఖజానా శాఖలో బిల్లులు సరిచూసి రిటైరైన వాడిని కనుక, లెక్క తేలనిదే లేవలేని అలవాటు నాకు పోలేదు. పొద్దున ఆరింటికి కొబ్బరి ఈనెల చీపురు పట్టుకొని గేటు దగ్గర మొదలుపెట్టి, మెట్ల దాకా ఊడ్చి వెనుదిరిగి చూస్తే, మొదలుపెట్టిన చోటనే పది ఆకులు తాపీగా పడుకొని ఉంటాయి. "ఏమండీ, మీరూ చెట్టూ మాట్లాడుకొని ఒక టైము పెట్టుకోకూడదా?" అని మా ఆవిడ కాఫీ గ్లాసు అందిస్తూ అడుగుతుంది.

పెరటి మామిడి సంగతి వేరు. పూత సమయంలో చేరిన తేనెమంచు పురుగు రసం పీల్చి, మిగిలిన తీపిని సన్నని తుంపరగా కింద చల్లుతుంది. ఆ బంకకు స్కూటర్ సీటు అంటుకుంటుంది, చెప్పులు చప్‌చప్‌మంటాయి, రాలిన ఆకు సిమెంటు గచ్చుకు అతుక్కొని చీపురుకు లొంగదు. నీళ్ళు కొట్టి కడుగుదామంటే నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అందుచేత పాత అట్లకాడతో ఒక్కొక్క ఆకునే గీకి తీస్తున్నాను. అది వంటింట్లో ఎందుకు కనబడటం లేదో మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

ఊడ్చిన ఆకులకు నిప్పు పెట్టడం నాకు గిట్టదు. పొలాలకు ఎరువుగా వేసే కానుగాకును పొగ చేసి, ఆ పొగను ఇరుగుపొరుగు చేత పీల్పించడం తెలివైన పని కాదు. ఎరువు గుంత తవ్వుదామని నిరుడు గునపం పట్టుకున్నాను. అడుగున్నర లోతుకే ఠంగుమని మోగింది. ఈ నగరం కింద ఉన్న గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది; దాని సీనియారిటీని గౌరవించి గునపం పక్కన పెట్టి, ఇటుకలతో నేలమీదనే తొట్టి కట్టించాను. మూడు తట్టల ఎండుటాకులకు ఒక తట్ట కూరగాయల తొక్కలు వేసి, పుల్లమజ్జిగ కలిపిన నీళ్ళు చిలకరిస్తే, నాలుగైదు రోజులలో లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. నీళ్ళు ఎక్కువై వాసన వస్తే మళ్ళీ ఎండుటాకులే మందు. అలా, ఉదయం నేను విసుక్కున్న సరుకు కోసమే సాయంత్రం పక్కింటి గేటు వైపు కూడా చూస్తున్నాను.

ఉగాదికి ముందు రోజు మాత్రం చీపురుకు సెలవు. తెల్లవారుజామున వేప కింద పాత దుప్పటి పరిస్తే, ఏడింటికల్లా దాని మీద నువ్వులు చల్లినట్లు పువ్వు రాలి ఉంటుంది. "అన్నయ్యగారూ, పచ్చడికి కాస్త పువ్వు" అంటూ ఎదురింటావిడ స్టీలు గిన్నెతో వచ్చింది. మామిడి పిందె కూడా ఒకటి ఇవ్వబోతే, అది ఇంకా కాయ కట్టలేదని తిరస్కరించారు.

ఆ సాయంత్రమే మబ్బు పట్టి, ఈదురుగాలి లేచి, పది నిమిషాలు వడగళ్ళు కురిశాయి. వాన వెలిశాక చూస్తే గచ్చు కనబడలేదు: పండుటాకు, లేతాకు, వేపపువ్వు, పిందెలు, కరుగుతున్న వడగళ్ళు, అన్నీ కలగలిసి ఉన్నాయి. మా ఆవిడ కొంగులోకి పిందెలు ఏరుకుంటూ ఊరగాయ లెక్కలు వేస్తోంది. ఎదురింటావిడ అదే గిన్నెతో మళ్ళీ గేటు దగ్గర నిలబడి, "అన్నయ్యగారూ, ఇప్పుడివి కాయల కిందికే వస్తాయి లెండి" అన్నారు. నేను గేటు తీసి, చీపురు కోసం లోపలికి వెళ్ళాను.