పాత స్ప్రింగుల సంగతి

జర్మనీలో నెకర్ నది ఒడ్డున ఉన్న ఓబర్న్‌డార్ఫ్‌లో తయారైన ఫైన్‌వెర్క్‌బావ్ 65 గాలి పిస్తోలు ఒకటి, ఇక్కడి షూటింగ్ క్లబ్బులోని ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. 1965లో వచ్చిన నమూనా కావడంతో, గాలిని ఒత్తి గుండును నెట్టే దాని స్ప్రింగులు అలసిపోయి ఉంటాయని అందరూ ముందే తీర్మానించేశారు. ఆ స్ప్రింగులను బిగించే పక్క మీట లాగినప్పుడు చేతికి తగలవలసిన బిగువు కొంత తగ్గినట్టు నాకూ అనిపించింది.

గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి ఇరవై గుండ్లు పేల్చి చూస్తే, వేగం నేను ఆశించినదానికన్నా తక్కువే వచ్చింది కానీ, ఒక గుండుకూ మరో గుండుకూ మధ్య తేడా సెకనుకు రెండు మీటర్లు దాటలేదు. పది మీటర్ల దూరంలో కాగితానికి చిల్లు పెట్టడానికి వేగం కన్నా ఆ నిలకడే ముఖ్యం. ఆ కాగితం మీద పది పాయింట్లిచ్చే నడిమి వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే కదా.

విప్పి చూసిన స్ప్రింగును బల్ల మీద దొర్లిస్తే, ఒక కొస దగ్గర కాస్త ఎగిరిపడింది, అంటే అక్కడ కొంచెం వంగిందన్నమాట. నిజం చెప్పాలంటే, అది చూసి చేయి కొత్తదానికి ఆర్డరు పెట్టడానికే వెళ్లింది. అయినా చుట్టల మీద పగులు లేదు, తుప్పు లేదు. కాబట్టి గాలి కారిపోకుండా ఆపే సీలు గట్టిపడితే అది మాత్రమే మార్చి, పలచగా గ్రీజు రాసి, స్ప్రింగులను తిరిగి లోపలే పెట్టేశాను. నిలకడ చెడిన రోజున మారుస్తాను.