పదమూడు వారాల సీరియల్, ఒక గల్ఫ్ క్యాసెట్

మా మేనమామ దూరదర్శన్ సీరియల్లో మునసబు వేషం వేశాడంటే మా బంధువుల్లో సగం మంది నమ్మరు. ఆయన పరిషత్ నాటకాల్లో ఏళ్ల తరబడి తిరిగిన మనిషి కాబట్టి నేను నమ్ముతాను. 1990లో హైదరాబాద్ కేంద్రం నుంచి వచ్చిన స్పాన్సర్డ్ సీరియల్ అది. అప్పట్లో ఇలాంటివి పదమూడు వారాల లెక్కన నడిచేవి. సీరియల్ పేరు ఇక్కడ రాయడం లేదు. హక్కులు ఎవరివో ఇంకా తేలలేదు. మామయ్య లెక్క ప్రకారం ఆయన ఆరో వారం కనిపిస్తాడు. ఆ ఎపిసోడ్ వెతికిపెట్టే పని నా నెత్తిన పడింది.

అందరిలాగే నేనూ యూట్యూబ్‌తోనే మొదలుపెట్టాను. ప్రసార భారతి ఆర్కైవ్స్ వాళ్లు పాత కార్యక్రమాలు చాలానే పెడుతున్నారు. దూరదర్శన్ వాళ్ల యాదగిరి, సప్తగిరి ఛానళ్లలోనూ కొన్ని దొరుకుతాయి. వెతుకుతున్నానన్న వంకతో రాత్రిళ్లు కూర్చుని పాత నాటికలు చూడటమే ఎక్కువైంది. మా తరానికి వార్తలంటే శాంతి స్వరూప్, హాస్యమంటే ఆనందోబ్రహ్మలో ధర్మవరపు సుబ్రహ్మణ్యం. ఇలాంటివి ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు. మామయ్య సీరియల్ మరీ బాగుందనీ కాదు, బాగాలేదనీ కాదు. గల్లంతయ్యేవి ఎక్కువగా ఈ మధ్యరకంవే.

పేరు, సంవత్సరం తప్ప చేతిలో ఏమీ లేదు. సంవత్సరం కూడా మామయ్య చెప్పిందే. అందుకని ముందు తేదీ తేల్చుకోవాలనుకున్నాను. ఆ రోజుల్లో దినపత్రికల్లో ఆ పూట దూరదర్శన్‌లో ఏమేం వస్తాయో చిన్న పట్టిక వేసేవాళ్లు. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం ఉంది. పాత పత్రికలు అంత శ్రద్ధగా దాచిన చోట్లు మనకు ఎక్కువ లేవు. అక్కడ కూర్చుని 1990 సంపుటాలు ఒక్కో పేజీ తిప్పాను. కాగితం చివర్లు పొడిపొడిగా రాలుతుంటే భయం వేసేది. ఏప్రిల్ మొదటి వారంలో సీరియల్ పేరు కనిపించింది. అక్కడినుంచి వారం వారం రాసుకుంటూ పోతే మధ్యలో ఒక వారం పేరు లేదు. అంటే మామయ్య చెప్పే ఆరో వారానికీ ఆరో ఎపిసోడ్‌కీ పొంతన కుదరకపోవచ్చు. ఇలాంటి తేడా ముందే తెలిస్తే తర్వాత చాలా తిప్పలు తప్పుతాయి.

తేదీలు చేతికొచ్చాక నిర్మాత కోసం వాకబు చేశాను. స్పాన్సర్డ్ సీరియల్ కాబట్టి అసలు టేపులు ఆయన దగ్గర ఉండాలి. ఆయన పోయి చాలాకాలమైంది. వాళ్లబ్బాయి ఫోన్లో మర్యాదగానే మాట్లాడాడు. "అవన్నీ పెద్ద పెద్ద యూమాటిక్ క్యాసెట్లండీ, ఇల్లు మారినప్పుడు ఇచ్చేశాం" అన్నాడు. ఎవరికి ఇచ్చారని అడిగితే పాత సామాను అతనికి అన్నాడు. పైగా వాటిలో చాలావాటి మీద నాన్నగారు తర్వాతి సీరియల్ రికార్డు చేసేశారని చెప్పాడు. కోపం తెచ్చుకుని లాభం లేదు. ఆ యూమాటిక్ క్యాసెట్లలో ఉండే ముప్పావు అంగుళం టేపు బాగా ఖరీదు. ఒకసారి ప్రసారమైన కార్యక్రమాన్ని మళ్లీ ఎవరైనా చూస్తారన్న ఊహ అప్పట్లో లేదు. బీబీసీ అంత సంస్థే 1967 నుంచి 1978 దాకా వందల కార్యక్రమాల టేపులు చెరిపేసింది.

ఆ బీబీసీ కథ చదువుతున్నప్పుడే నాకు దారి తట్టింది. వాళ్ల డాక్టర్ హూ సీరియల్లో చెరిగిపోయిన ఎపిసోడ్లు తొమ్మిది నైజీరియాలోని జోస్ అనే ఊళ్లో, ఒక టీవీ రిలే కేంద్రంలో దొరికాయి. 2013లో ఆ సంగతి బయటపెట్టారు. బీబీసీ తన కార్యక్రమాలను 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీదికి ఎక్కించి విదేశాల స్టేషన్లకు అమ్మేది. లండన్‌లో చెరిపేసినవి ఆ పంపిన ప్రింట్లలో మిగిలాయి. మరి మన తెలుగు సీరియల్‌ని ఎవరు కొంటారు? ఏ దేశానికి వెళ్తుంది?

వెళ్లేది. అమ్మకానికి కాదు, సంచీలో పెట్టుకుని వెళ్లేది. దుబాయ్‌లో, కువైట్‌లో పనిచేసేవాళ్లకు ఇళ్లనుంచి పచ్చళ్లతో పాటు వీడియో క్యాసెట్లు కూడా వెళ్లేవి. వీసీఆర్ కూడా అక్కడినుంచే వచ్చిన ఇళ్లు ఎన్నో. ఈ మాట మా ఆఫీసులో భోజనాల దగ్గర అంటే, జగిత్యాల నుంచి వచ్చిన తమ్ముడొకతను చెయ్యి కడుక్కుంటూనే అన్నాడు: "మా అమ్మ గట్లనే పంపేది సార్. మా బాపు దుబాయ్‌ల ఉన్నప్పుడు మేము సదువులకని ఉప్పల్‌ల కిరాయికి ఉంటుంటిమి." బాపు తిరిగొచ్చేటప్పుడు ఆ క్యాసెట్లన్నీ వెంట తెచ్చుకున్నాడట. ఇప్పుడు ఊళ్లో, ఇంటి అటక మీద ఉన్నాయి.

అంతకుముందు నేను అందరినీ అడిగిన ప్రశ్నే పనికిరానిదని అప్పుడు అర్థమైంది. "మీ దగ్గర ఫలానా సీరియల్ ఉందా" అంటే ఎవరైనా లేదనే అంటారు. తమ క్యాసెట్లలో ఏముందో వాళ్లకే తెలియదు. "టీవీలోంచి ఎక్కించిన క్యాసెట్లు ఏవైనా ఉన్నాయా" అని అడిగితే ఇల్లంతా వెతికి చూపిస్తారు.

వాళ్ల ఊరెళ్తే, ఆ తమ్ముడి అమ్మ నాకు చాయ్ ఇచ్చి, అట్టపెట్టె దింపించింది. "ఆయనకు తెలుగు మాట ఇనాలని పాణం కొట్టుకునేది బిడ్డా. గందుకే అచ్చింది అచ్చినట్టు ఎక్కిచ్చి పంపేదాన్ని" అంది. క్యాసెట్ల మీద "పాటలు", "శివరాత్రి", "పెండ్లి" అని రాసి ఉంది. పెండ్లి క్యాసెట్ ఒక్కటీ పాడుచేయొద్దని నాతో ఒట్టు పెట్టించుకుంది. అసలు క్యాసెట్లు ఆమెవే, కాపీ చేసుకుని తిరిగిస్తాను, ఇంటి వీడియోలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాను అని కాగితం మీద రాసిచ్చాను. ఇలా రాసివ్వడం ఎవరికైనా మంచిది. తర్వాత మాట తేడా రాదు.

ఇక్కడినుంచి పని నెమ్మదించింది. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి పొడి. అది బూజు. చాలామంది ఆత్రంగా వీసీఆర్‌లో పెట్టేస్తారు. బూజు, టేపుని చదివే హెడ్ మీద పడుతుంది, అక్కడినుంచి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ అంటుకుంటుంది. ముందు వాటిని సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టి బాగా ఆరనిచ్చాను. ఆ తర్వాత ముక్కుకి మాస్కు కట్టుకుని, ఆరుబయట, పాడైనా బాధలేని ఒక పాత మెషీన్‌తో టేపుని నిదానంగా చుట్టిస్తూ మెత్తటి గుడ్డతో తుడిచాను. రెండు క్యాసెట్ల పెంకులు పగిలి ఉంటే, లోపలి చుట్టల్ని ఖాళీ క్యాసెట్ల పెంకుల్లోకి మార్చాను. చిన్న స్క్రూడ్రైవర్, ఓపిక ఉంటే ఆ పని ఎవరైనా చేసుకోవచ్చు. స్ప్రింగు ఎగిరిపోకుండా చూసుకోవాలి, అంతే.

వీసీఆర్ దొరకడం ఇంకో పెద్ద తంతు. చివరిదాకా వీటిని తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేసింది. నాది ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నది. బెల్టులు కోఠీ గుజరాతీ గల్లీలో దొరికాయి. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక బొమ్మ వచ్చింది కానీ, తెర మీద ఇసుక పోసినట్టుంది. ఆ అమ్మ పొదుపు మనిషి. మూడు గంటల ఈ-180 క్యాసెట్‌ని సగం వేగంతో, ఎల్‌పీ మోడ్‌లో ఆరు గంటలు వాడింది. ఎల్‌పీలో టేపు మీద పడే జాడలు సన్నగా ఉంటాయి. రికార్డు చేసిన మెషీన్‌కీ చూసే మెషీన్‌కీ అమరిక కాస్త తేడా ఉన్నా బొమ్మ నిలవదు. ట్రాకింగ్ మీట తిప్పితే కొంత సర్దుకుంది. మిగతాది ఒక పాత వీడియో మెకానిక్ టేపు దారిలో ఉండే గైడ్లను వెంట్రుకవాసి తిప్పి సరిచేశాడు. ఆయన డబ్బులు కూడా సరిగా తీసుకోలేదు. చాన్నాళ్లకు తన పని తనకు దొరికిందని ఆయన ముఖంలోనే తెలిసింది.

అంతకుముందు నగరంలో ఒక షాపువాళ్లకు వేరే క్యాసెట్ ఇచ్చి చూశాను. వాళ్లు బొమ్మను అడ్డంగా సాగదీసి, బాగా కుదించి, డీవీడీలో వేసిచ్చారు. మనుషులందరూ పొట్టిగా, లావుగా కనిపించారు. మన పాత టీవీ ప్రసారాలు వాడిన పాల్ (PAL) పద్ధతి బొమ్మని 720 అడ్డం, 576 నిలువు చుక్కల్లో, సెకనుకు 25 ఫ్రేములుగా, ఉన్నది ఉన్నట్టు పట్టుకోవాలి. నిష్పత్తి నాలుగుకి మూడే ఉంచాలి. అందాలు దిద్దుకోవడం తర్వాత, కాపీ మీద.

"శివరాత్రి" అని రాసిన క్యాసెట్‌లో శివరాత్రి లేదు. చిత్రలహరి పాటలు కొన్ని, వంటల కార్యక్రమం సగం, ఆ తర్వాత మా సీరియల్ టైటిల్ వచ్చింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అయితే అది ఏ వారానిది? ఎపిసోడ్ నంబరు తెర మీద వేయలేదు. అదృష్టం కొద్దీ ఆ అమ్మ రికార్డింగ్ ఆపకుండా వదిలేసిన చోట కొంచెం వార్తలు పడ్డాయి. ముఖ్యమంత్రి చెన్నారెడ్డి పేరు, తుపాను బాధితులకు సాయం గురించి రెండు వాక్యాలు. 1990 మే 9న కోస్తాను ముంచిన తుపాను అది. వేటపాలెంలో రాసుకున్న పట్టికతో పోల్చితే సరిగ్గా ఒక్క తేదీయే కుదిరింది. ఆ క్యాసెట్‌లోనే దాని తర్వాతి వారం ఎపిసోడ్ కూడా ఉంది. ఆ రెండోదాంట్లో, రచ్చబండ దగ్గర, తలపాగాతో మామయ్య!

రెండు నిమిషాలు ఉంటాడేమో. గొంతు ఇప్పటికీ అదే. ఫైలు పంపగానే ఫోన్ చేశాడు. "ఒరేయ్, నా మీసం ఊడిపోతోంది చూశావా? డైరెక్టరు మళ్లీ తీద్దామంటే కెమెరామన్ టైము లేదన్నాడు." ఆ తర్వాత అసలు మాట అడిగాడు: "చివర్లో పేర్లు వేస్తారు కదా, అందులో నాది ఎన్నోది?"

పేర్లు లేవు. మొదటి ఎపిసోడ్‌లో వార్తలదాకా వదిలేసిన ఆ అమ్మే, రెండోదాంట్లో టేపు దండగని కథ అవ్వగానే ఆపేసింది. దాంతో మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ, తలపాగా పెట్టుకుంటే ఎవరైనా అలాగే ఉంటారని అంటున్నారు.

సరిచేయని కాపీ ఒకటి, సరిచేసింది ఒకటి రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టాను, ఒక డిస్కు మా తమ్ముడింట్లో ఉంచాను. నిర్మాత కుటుంబానికీ, ఆ జగిత్యాల ఇంటికీ పంపాను. ఆన్‌లైన్‌లో పెట్టలేదు. మన చట్టంలో సినిమా, వీడియోల మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. నిర్మాత వాళ్లబ్బాయి కాగితాలు చూసి చెప్తానన్నాడు. ఇంకా పదకొండు ఎపిసోడ్లు కావాలి. రాజంపేట వైపు కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర రెండు పెట్టెల క్యాసెట్లు ఉన్నాయట. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అటక ఎక్కుతానన్నాడు. వాటిని నేను వచ్చేదాకా వీసీఆర్‌లో పెట్టొద్దని మాత్రం మరీ మరీ చెప్పాను.