నాయన ఉద్దెర పుస్తకం, నా చదువు పద్దు: గ్రూప్-2 ప్రిపరేషన్‌లో నాకు పనికొచ్చిన పద్ధతి

ఫ్రెండ్స్, తెలంగాణ గ్రూప్-2 ఫైనల్ రిజల్ట్‌లో నా నంబర్ వచ్చినప్పటి నుంచి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటే: "అక్కా, రోజుకు ఎన్ని గంటలు చదివినవ్?" దీనికి నా దగ్గర కచ్చితమైన లెక్క ఉంది, ఎందుకంటే రోజూ రాసిపెట్టుకున్నాను. 2024 జనవరి 17 నుంచి డిసెంబర్ 14 దాకా 333 రోజులు, 1,087 గంటలు. అందులో 41 రోజులు సున్నా. ఈ లెక్క చెప్తే "ఇంతేనా" అంటున్నారు. ఇంతే. కానీ అంతకుముందు హైదరాబాద్‌లో దాదాపు ఏడాది ఉండి, చదువు తప్ప వేరే పనేమీ లేకుండా కూడా ఇందులో సగం చదివి ఉండను. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

783 పోస్టులతో నోటిఫికేషన్ 2022 డిసెంబర్ చివర్లో వచ్చింది. ఫిబ్రవరిలో అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో చేరాను. పొద్దున్నే లేచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి కుర్చీ పట్టుకునేదాన్ని. నాకు ఉద్యోగం కావాలన్న కోరిక తక్కువేమీ కాదు. మొదటి వారంలోనే రోజుకు 14 గంటల టైంటేబుల్ వేసుకున్నాను. పది రోజులకు తప్పింది. తప్పిన రోజు రాత్రి బాధపడి, ఏడ్చి, కూర్చుని ఇంకో టైంటేబుల్ వేసుకునేదాన్ని. వేసుకోగానే మనసు తేలికయ్యేది, హాయిగా నిద్ర పట్టేది. ఆ తేలికదనం దగ్గరే నేను మోసపోయానని ఇప్పుడు అర్థమవుతోంది. ఒక్క పేజీ చదవకుండానే చదివినంత తృప్తి దొరికిపోతుంటే, మర్నాడు పుస్తకం ముందు కూర్చోవాల్సిన అవసరం మనసుకు కనిపించదు.

పరీక్ష మొదట 2023 ఆగస్టు 29, 30 అన్నారు. తర్వాత నవంబర్ 2, 3 అయింది. ఆ తర్వాత 2024 జనవరి 6, 7. వాయిదా పడ్డ ప్రతిసారీ "ఈసారి మొదటి నుంచి గట్టిగా చదవాలి" అనుకుని పాలిటీలో రాజ్యాంగ ప్రవేశిక దగ్గర మళ్లీ మొదలుపెట్టేదాన్ని. ప్రవేశిక నాకు నిద్రలో కూడా వచ్చు. పంచాయతీరాజ్, 73వ సవరణ దాకా మాత్రం ఆ ఏడాదిలో ఒక్కసారి కూడా చేరలేదు. వాయిదాల వల్ల మనకు జరిగిన నష్టం నిజమే, ఎంతమంది అప్పులపాలయ్యారో కళ్లారా చూశాను. అయితే నా పాలిటీ ప్రవేశిక దగ్గర ఆగిపోవడానికి అదొక్కటే కారణం కాదు.

జనవరి డేట్ కూడా పోయాక ఊరికొచ్చాను. మాది నల్గొండ జిల్లాలో చిన్న ఊరు. నాయనకు కిరాణా దుకాణం. అప్పుడే ఆయన మోకాలికి ఆపరేషన్ చేయాలన్నారు. అమ్మ ఒక్కతే దుకాణం, ఆస్పత్రి రెండూ చూసుకోలేదు. హాస్టల్ ఖాళీ చేసి వచ్చేశాను. పొద్దున 9 నుంచి 1 దాకా, సాయంత్రం 4 నుంచి 8 దాకా గల్లా దగ్గర నేనే. ఇక నా చదువు అయిపోయినట్టే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నాల్లో పేపర్-4 చదువుతున్నాను, తెలంగాణ ఉద్యమం. మీకు తెలిసిన వరసే: 1956 ఫిబ్రవరి 20 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1973లో ఆరు సూత్రాల పథకం, 1975లో ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యం ఇచ్చే రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబర్ 30న జీవో 610. రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా తెలంగాణలోని 5, 6 జోన్లలోకి వచ్చిన ఉద్యోగులను 1986 మార్చి 31లోగా వాళ్ల జోన్లకు పంపాలని ఆ జీవోలోనే గడువు కూడా ఉంది. గడువు వచ్చింది, పోయింది. పదిహేనేళ్ల తర్వాత, 2001లో, అసలు అమలు ఎంతవరకు జరిగిందో చూడమని గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. ఇది ఎన్నోసార్లు చదివాను. కానీ ఆ రోజు చదువుతుంటే మనసులో కలుక్కుమంది. కాగితం మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి: ఏం చేయాలో ఉంది, ఎప్పటిలోగా చేయాలో ఉంది. ఇవాళ ఎంత అయిందని రోజూ అడిగే మనిషి లేడు. ఒక రాష్ట్రం కథనూ నా టైంటేబుల్‌నూ ఒకే తక్కెట్లో పెట్టడం తప్పని తెలుసు. అయినా నా ట్రంకు పెట్టెలో ఉన్న ఆరు టైంటేబుళ్లు గుర్తొచ్చాయి.

ఆ రాత్రే నాయన ఉద్దెర పుస్తకాన్ని, అంటే అప్పు మీద ఇచ్చిన సరుకు రాసే పుస్తకాన్ని, మొదటిసారి సరిగ్గా చూశాను. పొడుగ్గా, సన్నగా, ఎర్ర గుడ్డ అట్టతో ఉంటుంది. దారంతో ఒక పెన్ను కట్టి ఉంటుంది. ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నా ఆ పుస్తకం తెప్పించుకుని, కళ్లజోడు పెట్టుకుని ఆ రోజు లెక్క రాయించకుండా పడుకోడు. "రేపు రాద్దాంలే నాయనా" అంటే ఒప్పుకోడు. "రేపటికి యాది ఉండదు బిడ్డా. యాది లేని లెక్క నీకు అనుకూలంగనే వస్తది" అన్నాడు. ఇంకోటి గమనించాను. అందులో ఎక్కడా "కొంచెం సామాను" అని ఉండదు. నూనె ప్యాకెట్ 1, చక్కెర అర కిలో, సబ్బు 2. పక్కన రూపాయలు. నా టైంటేబుళ్లలో మాత్రం "పాలిటీ 3 గంటలు", "ఎకానమీ 2 గంటలు" అని ఉండేది. ఏ సరుకు ఇచ్చామో రాయకుండా బాకీ ఎట్లా వసూలవుతుంది?

జనవరి 17న దుకాణంలోంచే ఒక కొత్త పద్దు పుస్తకం తీసుకున్నాను. పేజీకి మధ్యలో గీత. ఎడమవైపు అనుకున్నది, కుడివైపు అయ్యింది. చివర్లో చిన్న గడి, బాకీ. ఎడమవైపు రాత్రే రాయాలి, అదీ సరుకు పేరుతో: "ఆర్టికల్ 36 నుంచి 51, పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయాలి." కుడివైపు మర్నాడు రాత్రి, నాయన ఉద్దెర రాసే టైంకే, ఆయన పక్కనే కూర్చుని. మొదటి వారం కుడివైపు చూస్తే సిగ్గేసింది. అయిదు గంటలు అనుకుంటే గంటా నలభై నిమిషాలు. కానీ ఆ గంటా నలభై నిమిషాలు నిజమైనవి. హైదరాబాద్‌లో పన్నెండు గంటలు లైబ్రరీలో ఉన్నాననే లెక్క తప్ప ఇలాంటి నిజమైన అంకె నా దగ్గర ఎప్పుడూ లేదు. రెండో వారం నుంచి ఎడమవైపు తగ్గించాను, రెండు గంటలే రాశాను. అది పూర్తవుతుంటే మెల్లగా పెంచాను. ఏప్రిల్ నాటికి నాలుగు గంటలకు వచ్చింది. పరీక్ష దాకా దాదాపు అక్కడే ఉంది.

పొద్దున నాలుగున్నరకు లేవడం గురించి ఒక మాట. లేవడం కంటే లేచాక మొదటి అయిదు నిమిషాలే కష్టం. ఏం చదవాలా అని ఆలోచన మొదలైతే చేయి ఫోన్ మీదికి పోతుంది. అందుకే రాత్రే పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి, మీద పెన్ను పెట్టి, పక్కన తెల్లకాగితం మీద మొదటి ప్రశ్న రాసి పడుకునేదాన్ని. ఫోన్ గల్లాపెట్టెలో వేసి తాళం, తాళంచెవి అమ్మ కొంగుకు. నాలుగున్నరకు నిద్రకళ్లతో అమ్మను లేపి తాళంచెవి అడగడానికి మొహం చెల్లేది కాదు. గట్టి మనసు కంటే ఆ మొహమాటమే నన్ను ఎక్కువ రోజులు కాపాడింది.

గల్లా దగ్గర కూర్చునే ఎనిమిది గంటలు వృథా అని మొదట్లో దిగులుపడ్డాను. తర్వాత బిస్కెట్ కార్టన్లు కత్తిరించి చీటీలు చేశాను. ఒకవైపు "43ఏ", వెనుక "పరిశ్రమల నిర్వహణలో కార్మికుల భాగస్వామ్యం, 42వ సవరణ". ఒకవైపు "43బీ", వెనుక "సహకార సంఘాలు, 97వ సవరణ, 2011". ఈ రెండూ ఎప్పుడూ తారుమారయ్యేవి. చిల్లర గడి పక్కన చీటీల గడి. ఒకరికి చిల్లర ఇవ్వగానే ఒక చీటీ తీసి చూడటం, చెప్పడం, తప్పైతే మళ్లీ అదే గడిలో వేయడం, కరెక్టయితే కింది గడిలోకి. రోజూ పాల ప్యాకెట్‌కు వచ్చే మా పక్కింటి చిన్నమ్మ నాకు ప్రశ్నలు అడిగేది. ఆమెకు చదువు రాదు కాబట్టి చీటీ పైకెత్తి చూపించేది, నేను జవాబు చెప్తే నా మొహం చూసే తప్పో ఒప్పో పట్టేసేది. ఈ చీటీల టైం పై 1,087 గంటల్లో కలపలేదు.

ఇక బాకీ గడి సంగతి. నిజంగా ఇబ్బంది పెట్టింది అదే. మార్చి కల్లా బాకీ పదకొండు టాపిక్‌లకు చేరింది. ఎప్పటిలాగే అన్నీ వదిలేసి కొత్తగా మొదలుపెట్టాలనిపించింది. నాయనను అడిగాను, ఎవరైనా బాకీ కట్టకపోతే ఏం చేస్తావని. "పాత బాకీ కొంతన్నా కట్టనిదే కొత్త సరుకు ఇయ్య. అసల్కే కట్టలేడని తెలిస్తే కొట్టేస్త. ఊకే మోస్తే నాకే బరువు." ఆ రాత్రి పదకొండింట్లో నాలుగు కొట్టేశాను. ప్రాచీన భారత వాస్తులో లోతైన వివరాలు, ఇంకా అలాంటివే. పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని, ఎన్ని మార్కులకు ఎంత టైం పోతుందో చూసి కొట్టేశాను. మిగిలిన ఏడు తీరేదాకా కొత్త చాప్టర్ ముట్టలేదు, పదహారు రోజులు పట్టింది. సిలబస్‌లో ఏదైనా వదిలేయమని చెప్పడానికి చాలామంది భయపడతారు. నేను చెప్తున్నాను: లెక్క చూసి వదిలేయండి, కానీ వదిలేశానని రాసి వదిలేయండి. రాయకుండా వదిలేసింది ప్రతి రాత్రీ గుర్తొచ్చి టెన్షన్ పెడుతుంది.

41 సున్నాల గురించి కూడా చెప్పాలి. జ్వరం, నాయన చెకప్‌లు, బతుకమ్మ రోజులు, జూలైలో పరీక్ష మళ్లీ వాయిదా అన్న వారం. ఆగస్టు 7, 8 అనుకున్నది డిసెంబర్‌కు పోయింది. అప్పుడు వరసగా ఆరు సున్నాలు. అయినా సున్నా కూడా రాశాను. ఏడో రోజు రాత్రి ఎడమవైపు "20 నిమిషాలు, జీవో 610 చీటీలు" అని మాత్రమే రాశాను. హాస్టల్‌లో నాతో ఉన్న ఫ్రెండ్ రోజూ తొమ్మిదిన్నరకు ఫోన్ చేసేది, "ఎంతనుకున్నవ్, ఎంతయింది" అని రెండు అంకెలు అడిగి పెట్టేసేది. ఆ ఆరు రోజులూ "సున్నా" అని చెప్తే ఒక్క మాట అనలేదు. ఏడో రోజు 20 అని చెప్తే "మంచిది" అంది.

ఆదివారాలు మధ్యాహ్నం 3 నుంచి 5:30 మోడల్ టెస్ట్. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, ఓఎంఆర్ జిరాక్స్ మీద. పరీక్షలో మధ్యాహ్నం పేపర్ టైం కూడా అదే, అందుకే ఆ టైం పెట్టుకున్నాను. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు, చేయాల్సిందే.

డిసెంబర్ 15, ఆదివారం. మా గదిలో 24 బెంచీలు, పది గంటలకు 11 మందిమే ఉన్నాం. రాష్ట్రం మొత్తం మీద కూడా అంతే, అయిదున్నర లక్షల దాకా దరఖాస్తులు వస్తే సగం మంది కూడా హాజరు కాలేదు. ఖాళీ బెంచీల మీద అతికించిన నంబర్లు చూస్తే బాధేసింది. ఇళ్లలో ఏ కష్టం వచ్చిందో, ఎవరికి ఇంకో ఉద్యోగం దొరికిందో తెలియదు. కానీ వాళ్లలో కొందరు నాలాగే మంచి టైంటేబుల్ వేసుకుని, ప్రవేశిక దగ్గరే ఆగిపోయిన వాళ్లని నాకు తెలుసు. 2024 జనవరి 6నే పరీక్ష జరిగి ఉంటే నా బెంచీ కూడా ఖాళీగానే ఉండేది. మీలో ఎవరైనా అలా ఆగిపోయి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, నా పుస్తకంలో పేజీల ఫోటోలు పంపిస్తాను, సున్నాలున్న పేజీలతో సహా.

16న పేపర్-4 రాసి ఊరికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. నాయన గల్లా దగ్గర ఉద్దెర రాస్తున్నాడు. పక్కన నా పుస్తకం కూడా తెచ్చి పెట్టాడు. ఎడమవైపు "17 పొద్దున: సరుకు కోసం నల్గొండ, బియ్యం 4 బస్తాలు, నూనె 2 డబ్బాలు" అని రాసి పడుకున్నాను.