గురువారం ఫిజియోథెరపీ

మా మామయ్యకు పక్షవాతం వచ్చిన రోజు అన్నీ చకచకా జరిగిపోయాయి. 108 వచ్చింది, వరంగల్‌లో స్కానింగ్ తీశారు, ప్రాణం దక్కింది. అసలు తంటా డిశ్చార్జి తర్వాత మొదలైంది. చేతిలో పెట్టిన కాగితంలో మందుల జాబితా కింద, ఫిజియోథెరపీ కొనసాగించాలని ఒక్క ముక్క ఉంది. ఎక్కడ, ఎవరి దగ్గర, ఎన్నాళ్లు అన్నది మా తలరాతకే వదిలేశారు.

మాది ములుగు జిల్లాలో గోదావరి ఒడ్డు పల్లె. వరంగల్ వంద కిలోమీటర్ల పైమాటే. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయిన మనిషిని ఆటోలో మండల కేంద్రానికి, అక్కడి నుంచి బస్సులో హనుమకొండకు చేర్చి, అరగంట వ్యాయామం చేయించుకుని తిరిగి రావాలంటే ఒక రోజు, ఇద్దరి కూలి పోతాయి. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని నాకు టికెట్ లేదు కానీ, ఆయనను బస్సు మెట్లు ఎక్కించేది ఏ పథకం? పక్షవాతం తర్వాత మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ మెరుగుదల కనిపిస్తుందంటారు. ఆ విలువైన రోజుల్లో మా ఇంటికి వచ్చింది మాత్రం పావురం రక్తం పూయమని చెప్పే చుట్టాలే.

దారి చూపింది మా ఆశా వర్కర్. పక్క మండలంలోని సర్కారు దవాఖానలో గురువారం గురువారం ఫిజియోథెరపీ చేస్తున్నారని చెప్పింది. గది ప్రభుత్వానిది, చేసేవాళ్లు వరంగల్‌లోని ఒక కళాశాల వాళ్లు, వాళ్ల రానుపోను ఖర్చు ఒక స్వచ్ఛంద సంస్థది. గేటు దగ్గర ముగ్గురి పేర్లతో పెద్ద ఫ్లెక్సీ ఉంది. లోపల గదికి తాళం ఉంది. తాళంచెవి రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి వెళ్లిన నర్సమ్మ దగ్గర ఉంది! తాళం తీశాక ముగ్గురికీ మూడు ఫారాలు నింపాం. మూడింటిలోనూ ఆధార్ నంబరు అడిగారు. రోగికి పోయినవారం ఏం చేశారో, వచ్చేవారం ఏం చేయాలో రాసే చోటు ఒక్కదానిలోనూ లేదు.

ఆ లోటు తీర్చింది వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయే. డిశ్చార్జి కాగితం చదివి, బీపీ చూసి, వైద్యం చేసిన డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడాకే మామయ్య మీద చెయ్యి వేసింది. తర్వాత నాతో ఒక లాంగ్ నోట్‌బుక్ కొనిపించింది. ఒక పేజీలో తను చేయించినవి, ఎదురు పేజీలో ఇంట్లో నేను చేయించినవి, అంచున ఆశా వర్కర్ చూసిన బీపీ. మధ్యలో విద్యార్థుల బ్యాచ్ మారింది. కొత్తగా వచ్చిన అబ్బాయి ఆ పుస్తకం తిరగేసి, ఆగిన చోట నుంచే మొదలుపెట్టాడు. ముగ్గురి ఒప్పందం ఏ ఫైల్లో ఉందో నాకు తెలియదు. నాకు సంబంధించినంత వరకు భాగస్వామ్యం ఆ పుస్తకమే.

ఆ అమ్మాయి మొదటి రోజు నా వేళ్లు తీసుకుని మామయ్య కుడి భుజం మీద పెట్టింది. ఎముకకూ ఎముకకూ మధ్య వేలు పట్టేంత గుంట తగిలింది. "కండరంలో పట్టు లేదు అక్కా, చెయ్యి బరువుకే కీలు కిందికి జారుతోంది. లేపేటప్పుడు ఈ చెయ్యి పట్టుకుని లాగకండి" అంది. కండువా నడుముకు చుట్టి, దాన్ని పట్టుకుని లేపడం నేర్పింది. కూర్చున్నప్పుడు ఆ చెయ్యి వేలాడకుండా కింద దిండు పెట్టమంది.

దవాఖానలో నడక నేర్పడానికి స్టీలు కడ్డీలు ఉన్నాయి. ఇంట్లో వెదురుతో కట్టుకోమంది. మా వైపు వెదురుకు కరువా! వాకిట్లో నాలుగు గుంజలు పాతి, చెయ్యి కిందికి వదిలితే మణికట్టు ఎంత ఎత్తుకు వస్తుందో అంత ఎత్తున రెండు బొంగులు కట్టాం. "పట్టుకునేది ఒక్క ఎడమ చెయ్యే కదా బిడ్డా, రెండెందుకు?" అని మామయ్య అడిగారు. "వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు ఎడమ చేతికి అందేది రెండోదే కదా తాతా" అంది. వారం మధ్యలో అనుమానం వస్తే వీడియో కాల్ చేసేవాళ్లం. డాబా ఎక్కితే తప్ప సిగ్నల్ దొరకదు కాబట్టి, ముందు మామయ్య నడకను రికార్డు చేసి, పైకెక్కి పంపేదాన్ని.

వికలాంగుల ధ్రువపత్రం సంగతి ఈ ముగ్గురిలో ఎవరి పనీ కాదట. 40 శాతం వైకల్యం ఉన్నట్టు పత్రం ఉంటేనే చేయూత (పాత పేరు ఆసరా) పింఛను 4,016 రూపాయలు వస్తుంది. దానికి వేరే స్లాటు, వేరే శిబిరం, వేరే క్యూ. గురువారం గదిలోనే ఆ దరఖాస్తు కూడా పెట్టిస్తే వీళ్ల సొమ్మేం పోయిందో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు మామయ్య చేతికర్రతో టీ కొట్టు దాకా వెళ్లి వస్తున్నారు. కుడి చేతి వేళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి, గ్లాసు పట్టుకోలేరు. సంస్థ ఇచ్చే రానుపోను ఖర్చు ఎప్పుడు ఆగిపోతుందో అన్న దిగులు అందరిలోనూ ఉంది. అందుకే ఆ గదికి వచ్చే కుటుంబాల వాళ్లం కలిసి, దవాఖానలో ఫిజియోథెరపిస్టు పోస్టు మంజూరు చేయాలని సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు అర్జీ ఇచ్చాం. నోట్‌బుక్ జిరాక్సు కూడా దానికి జతచేశాం.