మా మామ సినిమా హాలు స్పీకర్లు అమ్మిపెట్టిన వైనం

మా మేనమామ కావలి పక్కన ఒక సినిమా హాల్లో చానా ఏళ్ళు ఆపరేటరుగా చేశాడు. హాలు మూసేసి ఆ స్థలంలో కల్యాణ మండపం కట్టేటప్పుడు, జీతం బాకీ కింద డబ్బులు ఇవ్వకుండా తెర వెనకున్న రెండు స్పీకరు బాక్సులు తోలుకోపొమ్మన్నాడంట ఓనరు. అప్పట్నించీ అవి ఇంటి వెనక వసారాలోనే, పైన వడ్ల గోతాలు, సందులో కోళ్ళు. ఇప్పుడు ఇల్లు పడగొట్టి కడతన్నారు కాబట్టి తీసేయాల్సొచ్చింది. పాత ఇనప సామాన్లాయన వచ్చి మాగ్నెట్లూ రాగీ చూసి రెండింటికీ కలిపి 6,000 ఇస్తానన్నాడు, మామ సరే అనబోతా ఉంటే మా అత్త నాకు ఫోన్ కొట్టింది, ఆమెకి తూకం లెక్కంటే ఎప్పుడూ అనుమానమే.

నేను నెల్లూరు నుంచి పోయి గోతాలు దింపించి చూశా. నా భుజం దాకా వచ్చే బాక్సులు, బూడిద రంగు, కింద లావు శబ్దాలకి 15 అంగుళాల వూఫరు, పైన సన్న శబ్దాలకి గరాటాలాంటి అల్యూమినియం హారన్. వెనక పలక విప్పితే లేబుల్ మీద ఆల్టెక్ లాన్సింగ్ అనుంది. ఫోన్లో ఆ పేరు కొడితే కంప్యూటరు పక్కన పెట్టుకునే బుల్లి స్పీకర్లు వచ్చినాయి, రెండు నిమిషాలు నీరుగారిపోయా. తర్వాత అర్థమైందేందంటే ఆ పేరు చేతులు మారతా మారతా కంప్యూటరు స్పీకర్ల మీదికి కూడా వచ్చింది. అసలు కంపెనీ అమెరికాలో సినిమా హాళ్ళకి స్పీకర్లు చేసింది, 1945 నుంచి 'వాయిస్ ఆఫ్ ద థియేటర్' అని ఒక వరుస తెచ్చింది, మామవి అందులో ఏ7 అనే మోడలు. జేబీఎల్ అనే స్పీకర్ల కంపెనీ పెట్టిన జేమ్స్ లాన్సింగ్ ముందు ఇందులోనే పనిచేసి 1946లో బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టుకున్నాడంట. ఈ ముక్క చెప్తే మామకి ఏమీ అనిపించలా, "ఎవురు చేస్తే ఏందిరా, చివరి బెంచీ వాడికి మాట స్పష్టంగా వినపడిందా లేదా" అన్నాడు. అదీ నిజమే, తెరకి సన్న సన్న బెజ్జాలుంటాయి, వాటి వెనక నుంచి హాలు మొత్తం మాట పోవాల, అప్పటి వాల్వు (గాజు గొట్టాల) ఆంప్లిఫైర్ల పవరేమో తక్కువ. ఒక్క వాట్‌కే వంద డెసిబెల్స్ దాటే, అంటే కాస్త పవరుకే గట్టిగా మోగే స్పీకర్లు అందుకే చేశారు, ఇప్పుడు తక్కువ వాట్ల వాల్వు ఆంప్ పెట్టుకునేవాళ్ళు వీటికోసం ఎగబడేదీ అందుకే.

రేటు తెలియాలంటే లోపల ఏముందో తెలియాల. వూఫరు మీద 416-8ఏ, హారన్ వెనక శబ్దం పుట్టించే డ్రైవరు మీద 802-8డీ, హారన్ 511బీ. రెండు బాక్సుల్లోనూ ఇవే ఉన్నాయా లేదా అనేది ముఖ్యం, ఎందుకంటే హాళ్ళలో ఒకటి పోతే ఏది దొరికితే అది బిగించేస్తారు. మాగ్నెట్ చూశా, సన్నగా లోతుగా డబ్బా ఆకారంలో ఉంది, అంటే ఆల్నికో అనే పాత రకం లోహపు మాగ్నెట్. వెడల్పుగా పలచగా బిళ్ళలాగా ఉంటే ఫెరైట్. ఆల్నికోలో కోబాల్ట్ అనే లోహం ఉంటది, 1978లో ఆఫ్రికాలో అప్పటి జైర్ (ఇప్పటి కాంగో) దేశంలో గొడవలై కోబాల్ట్ ధర ఎగబాకితే చానా కంపెనీలు ఫెరైట్‌కి మారినాయి, అందుకని ఆల్నికో ఉన్న పాతవాటికే ఎక్కువ అడుగుతారు. శబ్దంలో నిజంగా అంత తేడా ఉందా అంటే నాకు అనుమానమే గానీ, కొనేవాడు దానికి డబ్బులు ఇస్తాడు, మనకి కావాల్సింది అది.

మైక్ సెట్టు అద్దెకిచ్చే మా ఫ్రెండ్ ఒకడున్నాడు, వాణ్ణి మల్టీమీటరుతో రమ్మన్నా. వూఫర్లు రెండూ 6 ఓమ్‌ల చుట్టూ చూపించినాయి, 8 ఓమ్‌ల కాయిల్‌కి (లోపలి తీగచుట్టకి) మీటర్లో కొంచెం తక్కువే చూపిస్తది, అది బాగున్నట్టే. వూఫరు ముందుండే అట్టని రెండు చేతుల వేళ్ళతో సమంగా లోపలికి నొక్కి చూశాం, గరగరమంటే కాయిల్ రాసుకుంటన్నట్టు, అట్టాంటిదేం లేదు. 1.5 వోల్టుల సెల్లు ఒక్క క్షణం తగిలిస్తే రెండు వూఫర్లూ ఒకే వైపుకి కదిలినాయి, అంటే ప్లస్సూ మైనస్సూ తారుమారు కాలా. ఈ సెల్లు పని హారన్ డ్రైవరుకి మాత్రం చెయ్యకూడదు, అందులో అల్యూమినియం డయాఫ్రం పలచటి రేకు, చెడిపోతే అసలుది దొరకడం కష్టం. దాన్ని క్రాసోవరు (శబ్దాన్ని వూఫరుకీ హారన్‌కీ విడగొట్టే సర్క్యూట్) ద్వారానే, చిన్న సౌండుతో మోగించాల. జేబీఎల్ పాతవాటిలో కొన్నిటికి అంచున ఫోము ఉంటది, ఏళ్ళు గడిస్తే పొడై రాలిపోతది. వీటికి ఫోము లేదు కాబట్టి మన ఉక్కకి కూడా నిలబడినాయి.

మోగించగానే మామ, "ఎడంది గొంతు బొంగురుగా ఉంది" అన్నాడు. మాకైతే ఒకేలా వినపడింది. గుర్తు చేసుకుని చెప్పాడు, ఒకసారి ఆ డ్రైవరు పోతే మద్రాసు పంపించి డయాఫ్రం మార్పించారంట. విప్పి చూస్తే నిజమే, లోపలిది అసలుది కాదు. కుడి బాక్సు అడుగున నీళ్ళ మరక కూడా ఉంది, 1979 మే తుపానుకి హాలు రేకులు లేచిపోయినప్పటిదంట, చెక్క మాత్రం ఉబ్బలా. చెదలు కూడా లేవు, కోళ్ళ పుణ్యమేమో.

ఈలోపల పక్కింటి వడ్రంగాయన ఉచిత సలహా: బూడిద రంగు గీకేసి టేకు పాలిష్ కొడితే కొత్త పెళ్ళికూతుర్లాగా ఉంటాయి, రేటు డబుల్ అవుద్దని. నేను చెయ్యి కూడా వెయ్యనియ్యలా. ఆ బూడిద రంగు కంపెనీ వేసిందే. లేబుళ్ళు తుడవొద్దు, మరలు మార్చొద్దు, దుమ్ము మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలు. పాత సామాను కొనేవాడు వయసుకీ, చెయ్యి పడకపోవడానికీ డబ్బులిస్తాడు, వాడి చేతికి వచ్చాక వాడిష్టం.

రేటు దగ్గర అసలు తిప్పలు. నెట్‌లో వీటికి పెట్టిన ధరలు చూస్తే మామ ఇల్లు మొత్తం కట్టేయొచ్చు. కానీ పెట్టిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు, ఈబేలో అమ్ముడైనవి విడిగా చూసుకునే వీలుంది, నేను అవే రాసుకున్నా. అవి కూడా అమెరికాలో పెరట్లోకొచ్చి ఎత్తుకుపోయే రేట్లు. బయటి దేశం వాడు ఇక్కణ్ణించి ఇంత బరువు బాక్సులు ఓడెక్కించుకోడు, వాడికి డ్రైవర్లూ వూఫర్లూ చాలు. అట్టాంటి ఒకాయన అన్నీ ఊడదీసి పంపమని మంచి రేటే చెప్పాడు, క్రాసోవర్లు కూడా కలిపి. ఖాళీ బాక్సులు మాకే. లెక్క చూసుకుంటే విడగొట్టి అమ్మితేనే రెండు డబ్బులు ఎక్కువ వచ్చేట్టుంది. మామని అడిగితే, "ఖాళీ డబ్బాలు నేనేం చేసుకునేది, కోళ్ళు పెంచుకోనా" అన్నాడు. జతగా ఎవరన్నా తీసుకుంటే కొంచెం తగ్గినా ఫర్లేదని తేల్చుకుని 2,20,000 అని పెట్టా, డయాఫ్రం సంగతీ తుపాను మరకా ఫోటోలతో సహా రాసేసి.

మొదట వచ్చిన ఫోను మిలిటరీ ఆఫీసర్ అంట. చూడకుండానే కొంటాడంట, క్యూఆర్ పంపిస్తా స్కాన్ చేసి పిన్ కొడితే అడ్వాన్సు మీ అకౌంట్లో పడుద్ది అన్నాడు. డబ్బులు మనకి రావడానికి పిన్‌తో పనేంది? యూపీఐలో పిన్ కొడితే పోవడమే గానీ రావడం ఉండదు. ఇట్టాంటిదానికి ఎవరన్నా దొరికిపోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాల. నేను మాత్రం ఆయన ర్యాంకు ఏందో మామ చేత అడిగించి కాసేపు ఆడుకున్నా.

అసలు కొన్నాయన చెన్నై నుంచి సొంత వాల్వు ఆంప్ కార్లో పెట్టుకుని వచ్చాడు, మాటల్లో తేలింది ఆయన తాతలది ఒంగోలని. వసారాలోనే వైర్లు కలిపి మధ్యాహ్నం దాకా విన్నాడు, మామ వరండా చివరికి పోయి నిలబడి మరీ విన్నాడు. ఎడమది ఆయన కూడా పట్టాడు. దానికి 15,000 తగ్గించమన్నాడు, బాక్సు మరకకి ఇంకొంత, అత్త కాఫీ ఇచ్చి "మా ఆయన జీతమయ్యా అది" అనేసరికి మరక మాట వదిలేశాడు. ఇంకా బేరమాడి చివరికి 1,85,000. యూపీఐలో రోజుకి లక్ష దాకే కాబట్టి బ్యాంకు నుంచి నెఫ్ట్ వేశాడు, మామ పాస్‌బుక్‌లో పడ్డాకే బండెక్కించాం. డ్రైవర్లు ఊడదీసి బొంతల్లో చుట్టి విడిగా పెట్టాం, హారన్ వెనక వాటి బరువు వేలాడతా హైవే మీద ఊగితే బిగింపు దగ్గర పట్టు పోద్ది. బాక్సులు పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో వరిగడ్డి కుక్కి తాళ్ళు కట్టాం.

బండి పోయిన వారానికి ఇల్లు ఖాళీ చేస్తా ఉంటే అటక మీద ఒక రేకు పెట్టె దొరికింది. అందులో ప్రొజెక్టరులో వెలుగు కోసం కాల్చే కార్బన్లు, ఫిల్మ్ అతికించే సిమెంటు సీసా, ఇంకా ఒక అట్టపెట్టెలో సీలు కూడా తియ్యని ఆల్టెక్ డయాఫ్రం. "ఇదేంది మామా" అంటే, "స్పేరు. కంపెనీ నుంచి రెండు తెప్పించాం, ఒకటి వాడేశాం, ఇది యాడ పెట్టామో దొరక్కే మద్రాసు పంపించింది. నువ్వు స్పేరు ఉందా అని అడగలా గదా" అన్నాడు. చెన్నై ఆయనకి ఫోటో పెడితే నిమిషంలో ఫోన్ చేశాడు. తగ్గించిన 15,000 తిరిగిచ్చి డయాఫ్రం తెప్పించుకున్నాడు, కార్బన్లు కూడా కావాలా అని మామ అడుగుతున్నాడు, ఆయన ఇంకా ఏ సంగతీ చెప్పలా.