సర్టిఫికెట్ కోసం వెళ్ళిన రిఫ్రెషర్ కోర్సు

ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ రెన్యువల్ గడువు దగ్గరపడేసరికి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. రిఫ్రెషర్ కోర్సు ఎక్కడ పెడుతున్నారు, ఫీజు ఎంత, ఆదివారమైతే బాగుణ్ణు, భోజనం వాళ్ళదేనా. కోర్సులో ఏం చెబుతారో మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ 2015 ప్రకారం ఐదేళ్లలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులకి హాజరు కావాలి, ఒక్కోటి కనీసం ఒక రోజుది. ఆధార్ అప్‌డేట్ చేయించుకోవడం లాంటి పని అనుకుని పేరు ఇచ్చేశాను.

మాది శ్రీకాకుళం జిల్లా, పలాస పక్క ఊరు. ఉద్దానం అంటే చాలు, కిడ్నీ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు. బీఫార్మసీ అయ్యాక పెళ్ళయింది, మా మావయ్యగారి మెడికల్ షాపులోనే ఫార్మసిస్టుగా కూర్చుంటున్నాను. కోర్సు విశాఖలో, ఒక ఫార్మసీ కాలేజీలో.

అప్లికేషన్ నింపేవాళ్ళకి ఒక మాట. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో మీ పేరు ఎలా ఉందో పొల్లు పోకుండా అలాగే రాయండి. ఇంటిపేరు ముందా వెనకా, పుట్టింటిదా అత్తింటిదా అన్న తేడా వస్తే తర్వాత తిరగాల్సింది మనమే. నా పక్కన కూర్చున్న అమ్మాయి అత్తవారి ఇంటిపేరు రాసింది. సరిచేసిన సర్టిఫికెట్ చేతికి రావడానికి ఆ పిల్ల ఎన్ని ఫోన్లు చేసిందో!

పొద్దున సెషను చట్టాల మీద. కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందులు, అలవాటు పడే మందులు ఉన్న జాబితా షెడ్యూల్ హెచ్1. అది 2014 మార్చి నుంచి అమల్లో ఉంది, ఆ మందులు అమ్మినప్పుడు విడిగా రిజిస్టరు రాయాలి, మూడేళ్లు దాచాలి. అన్నీ తెలిసినవే. వెనక వరసలో ఇద్దరు హాయిగా నిద్రపోయారు.

టీ తర్వాత క్లినికల్ ఫార్మసీ మేడం వచ్చారు. వస్తూనే ప్రొజెక్టర్ ఆపించేశారు. మందు ఇచ్చేటప్పుడు పేషెంటుకి ఏమేం చెప్పాలో అదే 2015 రెగ్యులేషన్స్‌లో ఉంది కదా, ఎవరైనా చెప్పండి అన్నారు. తలా ఒకటి అందించాం. మందు పేరు, దేనికి వాడాలి, ఎంత, ఎన్ని రోజులు, ఇబ్బందులేమైనా రావచ్చా, ఎలా దాచాలి, ఒక పూట మర్చిపోతే ఏం చెయ్యాలి. బోర్డు నిండిపోయింది. నర్సీపట్నం నుంచి వచ్చిన పెద్దాయన లేచి, "అమ్మా, ఇవన్నీ చెప్పుకుంటూ కూచుంటే సాయంత్రానికి నా షాపు ముందు ధర్నా చేస్తారు" అన్నారు. అందరం నవ్వాం. ఆవిడా నవ్వారు.

తర్వాత ఆవిడ చెప్పిందే నేను ఇంటికి తెచ్చుకున్నది. అన్నీ అందరికీ చెప్పక్కర్లేదు. ముందు అడగండి, వాళ్ళకి తెలియనిదే చెప్పండి అన్నారు. అడగాల్సినవి మూడే: ఈ మందు దేనికని చెప్పారు డాక్టరుగారు? ఎలా వేసుకోమన్నారు? వేసుకున్నాక ఏం జరగొచ్చని చెప్పారు? అమెరికాలో ఆదివాసుల కోసం ఉన్న ఇండియన్ హెల్త్ సర్వీస్ ఫార్మసిస్టులు ఈ పద్ధతి తెచ్చారట. అమెరికాదైతేనేం, మన కౌంటరుకి చక్కగా సరిపోతుంది. ముగ్గురిలో ఒకరు మొదటి ప్రశ్నకే "ఏమోనమ్మా, చీటీలో రాశారు" అంటారు. అక్కణ్ణుంచి మొదలుపెడితే చాలు.

చివర్న "అర్థమైందా?" అని అడగొద్దన్నారు. అడిగితే అందరూ "ఆఁ" అనే అంటారు. చెప్పింది తిరిగి చెప్పించుకోవాలి. కానీ పెద్దవాళ్ళని పట్టుకుని "ఏదీ, ఒకసారి చెప్పండి" అంటే బడిపిల్లల్ని అడిగినట్టు ఉంటుంది, నొచ్చుకుంటారు. దీని మీద హాల్లో చాలాసేపు చర్చ జరిగింది. చివరికి ఒక అబ్బాయి చెప్పిన మాట అందరికీ నచ్చింది: "ఇంటికెళ్ళాక మీ కోడలు అడిగితే ఎలా వేసుకోవాలని చెబుతారు?" ఇప్పుడు నేను వాడేది అదే.

ఆ తర్వాత జంటలుగా నిలబెట్టి నటించమన్నారు. నాకు ఎదురుగా మేడమే ఆయాసం ఉన్న ముసలమ్మగా వచ్చారు. నేను రోటాక్యాప్‌లు, అంటే పరికరంలో పెట్టి లోపలి పొడి పీల్చే క్యాప్సూళ్ళు ఇచ్చి, రోజుకి రెండుసార్లు అని చెప్పాను. ఆవిడ క్యాప్సూల్ నోట్లో వేసుకున్నట్టు, పైన మంచినీళ్ళు తాగినట్టు చేసి "సరేనమ్మా, వస్తాను" అన్నారు. హాలంతా నవ్వు. ఇలా మింగేవాళ్ళని ఎవరు చూశారు అని అడిగితే చేతులు చాలానే లేచాయి. రోటాక్యాప్ మింగితే మందు ఊపిరితిత్తుల్లోకి పోదు, కడుపులోకి పోతుంది. పేషెంటు మాత్రం మందు వాడుతున్నా తగ్గట్లేదని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తాడు. నొక్కే ఇన్‌హేలర్ సంగతీ అంతే. బాగా ఊపాలి, ఊపిరి పూర్తిగా వదలాలి, మూతి బిగించి నెమ్మదిగా పీలుస్తూ నొక్కాలి, పది సెకన్లు బిగబట్టాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలరైతే తర్వాత నోరు పుక్కిలించాలి, లేకపోతే నోట్లో తెల్లగా పూత రావచ్చు. మాటలతో చెబితే ఎవరికీ రాదు. ఖాళీ ఇన్‌హేలర్ ఒకటి కౌంటర్ కింద పెట్టుకుని చేసి చూపించాలి.

ఇన్సులిన్ దగ్గరా అంతే జాగ్రత్త కావాలి. మన దగ్గర వయల్ ఎక్కువగా ఒక ఎంఎల్‌కి 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు లోపలికి పోతుంది. మూత రంగు చూడకుండా సిరంజి చేతిలో పెట్టొద్దని ఆవిడ గట్టిగానే చెప్పారు.

మధ్యాహ్నం పిల్లల మందులు. భోజనం బాగుంది, కాబట్టి నిద్ర రావాలి, కానీ రాలేదు. జ్వరానికి పారాసిటమాల్ ఒక మోతాదు పిల్లాడి బరువులో కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లాడికి 150 అనుకుందాం. 5 ఎంఎల్‌లో 120 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 ఎంఎల్ కంటే కొంచెం ఎక్కువ, 5 ఎంఎల్‌లో 250 ఉండే సిరప్ అయితే 3 ఎంఎల్, ఎంఎల్‌కి 100 ఉండే డ్రాప్స్ అయితే ఒకటిన్నర ఎంఎల్. మూడు సీసాలూ చూడ్డానికి ఒకటే, పేరూ ఒకటే. "పారాసిటమాల్ ఒక చెంచా" అని ఫోన్లో విని వచ్చిన తల్లికి డ్రాప్స్ ఇస్తే ఏమవుతుందో లెక్క వేసి చూపించారు. అందుకే పిల్లాడి బరువు అడగకుండా సిరప్ ఇవ్వకూడదు, సీసాతో వచ్చిన మూతతోనే కొలవమనాలి. ఇంట్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు.

దగ్గు సిరప్‌ల మాట వచ్చేసరికి అందరూ సీరియస్ అయ్యారు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసిన సిరప్ తాగి పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత కేంద్రం రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్లలోపు వాళ్ళకి మామూలుగా అవసరం ఉండదని మళ్ళీ చెప్పింది. ఇది చెప్పడం తేలిక. ఏడుస్తున్న పిల్లాణ్ణి చంకనేసుకున్న తల్లితో "మందు అక్కర్లేదు" అనడమే కష్టం. మనం ఇవ్వకపోతే పక్క షాపుకి వెళ్తుంది. మందు లేదనకుండా, చెయ్యాల్సిన పని చెప్పాలన్నారు మేడం. ముక్కులో సెలైన్ చుక్కలు వెయ్యమనాలి, పాలు ఆపొద్దని చెప్పాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమనాలి. మంచి సలహా చెప్పి పంపితే ఉత్త చేతులతో పంపినట్టు కాదు.

విరేచనాలకి ఓఆర్‌ఎస్ అడిగితే తియ్యటి టెట్రా ప్యాక్ ఇచ్చే అలవాటు గురించీ మాట్లాడుకున్నాం. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదంది. అసలు ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ 20.5 గ్రాములు, మొత్తం ఒకేసారి ఒక లీటరు నీళ్ళలో కలిపి 24 గంటల్లోపు తాగించాలి. సగం ప్యాకెట్ ఒక గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లాడికి ప్రమాదం. దాంతోపాటు ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాముల జింక్, విరేచనాలు కట్టినా 14 రోజులు.

సాయంత్రం చిన్న పరీక్ష, ఫోటో, సర్టిఫికెట్, రైలు.

షాపులో మొదలుపెట్టిన కొత్తలో మావయ్యగారికి నచ్చలేదు. "ఏమ్మా, ఒక్కొక్కళ్ళకీ పురాణం చెబితే ఎలా? అవతల జనం చూడు" అనేవారు. ఆయన మాటా నిజమే, బస్సు వచ్చే వేళకి అందరూ ఒకేసారి చేతులు చాపుతారు. అందుకని రద్దీలో అందర్నీ ఆపడం మానేశాను. కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్ళు, ఇన్‌హేలర్, ఇన్సులిన్, చంటిపిల్లలు, గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, వీళ్ళని మాత్రం పక్కన బల్ల మీద కూర్చోమంటాను. మిగతా బిల్లులు ఆయన చూసుకుంటారు.

నొప్పుల బిళ్ళ దగ్గరే మాకు అసలు కష్టం. ఎండలో పని చేసి వచ్చిన మనిషి "ఒళ్ళు నొప్పులమ్మా, బేగి తగ్గే బిళ్ళియ్యి" అంటాడు. ఆయన బీపీకి టెల్మిసార్టన్ వాడుతుంటే, దానికి తోడు ఒంట్లో నీరు పోయేందుకు ఇంకో బిళ్ళ ఉంటే, పైన డైక్లోఫెనాక్ లాంటి నొప్పుల బిళ్ళ పడితే కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఖాయంగా తేలలేదు గానీ, ఉన్న కిడ్నీల్ని ఈ బిళ్ళలు పాడుచేయగలవన్నది మాత్రం ఖాయం. ఇంకో చిక్కు కొబ్బరి నీళ్ళు. కొబ్బరి తోటల సీమ మాది, నీరసం అంటే బొండం కొట్టిస్తారు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళకి అందులోని పొటాషియం గుండెకే ప్రమాదం. మా ఊళ్ళో ఒక తాతగారికి ఇది చెబితే "ఏటమ్మా, బొండం కూడా మందేనా?" అని నన్ను వింతగా చూశారు. ఆయన నా మాట నమ్మలేదు. వాళ్ళ అబ్బాయి డయాలసిస్ దగ్గర నర్సుని అడిగొచ్చాక నమ్మారు.

గ్యాస్ బిళ్ళకి వచ్చేవాళ్ళనీ ఇప్పుడు ఊరికే పంపను. మంట ఎక్కడో అడుగుతాను. చెమటలు పట్టాయా, చెయ్యో దవడో లాగుతోందా, నడిస్తే ఎక్కువవుతోందా. వీటిలో దేనికి అవునన్నా బిళ్ళ ఇవ్వను, గుండెది కావచ్చని ఈసీజీకి వెళ్ళమంటాను, అవసరమైతే 108కి నేనే ఫోన్ చేస్తాను. కొందరికి కోపం వస్తుంది. రానీ.

ఆడవాళ్ళ సంగతికి కోర్సులో తక్కువ సమయం ఇచ్చారు, అది నాకు నచ్చలేదు. తెల్లబట్ట అని చెప్పడానికి, అత్యవసర గర్భనిరోధక మాత్ర అడగడానికి మా షాపు ముందు మగవాళ్ళు తప్పుకునేదాకా నిలబడేవాళ్ళు ఎందరో. ఆ బల్లని అల్మరా వెనక్కి జరిపించాను, అంతే, మాట్లాడ్డం మొదలుపెట్టారు. మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, వెంటనే వాంతి అయితే మళ్ళీ రావాలి, నెలసరి వారం దాటి ఆలస్యమైతే గర్భ పరీక్ష చేసుకోవాలి, ప్రతి నెలా వాడేది మాత్రం కాదు. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

నాకు ఇంకా చేతకానిది ఒకటుంది. పల్లెల్లో స్ట్రిప్ లేకుండా కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చే పొట్లాలు. అందులో స్టెరాయిడ్ ఉందో ఏముందో తెలియదు, పేషెంటు మాత్రం "ఇవే బిళ్ళలు కావాలి" అని చేతిలో పోసి చూపిస్తాడు. పేరు తెలియని మందు గురించి ఏం చెప్పాలి? ఇంకో కోర్సు ఎలాగూ చెయ్యాలి కాబట్టి, ఈసారి ఈ విషయం మీద, కిడ్నీ పేషెంట్ల మోతాదుల మీద ఒక సెషను పెట్టమని నిర్వాహకులకి రాశాను. శ్రీకాకుళంలోనే పెడితే ఇంకా మంచిదని కూడా రాశాను. తేదీ తెలిస్తే గ్రూపులో పెడతాను.